సవరణ: భాస్కర జీడిమామిడి, టీ దోమ

జీడిమామిడి చెట్ల సహజ రక్షణ గురించి ఇంతకుముందు రాసిన టపాలో, భాస్కర రకానికి టీ దోమను (పేరులో దోమ ఉన్నా, ఇది మొక్కల రసం పీల్చే నల్లి జాతి పురుగు) తట్టుకునే నిరోధకశక్తి ఉందని పేర్కొన్నాను. అది పొరపాటు. కర్ణాటకలోని పుత్తూరు జీడిమామిడి పరిశోధన సంస్థ 2006లో విడుదల చేసిన ఈ రకం పురుగును ఎదిరించదు. దాని పూత మధ్యకాలంలో రావడం వల్ల, ఉధృతి తక్కువగానో ఓ మోస్తరుగానో ఉన్నప్పుడు దెబ్బను తప్పించుకోగలదని మాత్రమే ఆ సంస్థ రకాల వివరణలో ఉంది.

ఈ తేడా చిన్నది కాదు. టీ దోమ లేత చిగుళ్ల నుంచి, పూగుత్తుల నుంచి, పిందెల నుంచి రసం పీల్చినప్పుడు ఆ చోట కణజాలం నల్లబడి, రెమ్మలు ఎండిపోతాయి. తప్పించుకోవడం కాలం మీద ఆధారపడింది కనుక, పురుగు విజృంభించిన ఏడాది భాస్కర చెట్లకూ నష్టం తప్పకపోవచ్చు. ఉద్దానంలోనైనా మరెక్కడైనా ఈ రకం నాటినవారు చిగురు, పూత, పిందె దశల్లో తోటను గమనించడం మానవద్దని గట్టిగా కోరుతున్నాను.

చీమల గురించి రాసినదానిలో మార్పు లేదు. జీడిమామిడి, పూలలో కాక ఆకుల వంటి ఇతర భాగాల్లో ఉండే తేనెగ్రంథులతో చీమలను ఆకర్షిస్తుంది. ఆకులను కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు టీ దోమను వేటాడతాయి. కోత వేళ అవి కుట్టినా సరే, ఆ గూళ్లను మందు కొట్టి నాశనం చేయకుండా ఉంచడమే మేలని నా అభిప్రాయం.