దేవమాలి ఘాటీలో దోసెల పిండి

మా బావ కారేసుకుని లడఖ్ వెళ్ళబోతున్నాడని ఒడిశాలోని మా రాయగడలో తెలియనివాళ్ళు లేరు. ఎందుకంటే బావకి స్టీలు సామాన్ల షాపు ఉంది, గిన్నెలు కొనడానికి వచ్చినవాళ్ళని కూడా తంగ్‌లాంగ్ లా అనే కనుమ ఎత్తు చెప్పకుండా పంపడం లేదు. "5,328 మీటర్లమ్మా!" అంటే ఒక ముసలావిడ బిందె అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, దీనికే అంత రేటా?" అని దించేసి వెళ్ళిపోయిందట.

ప్లాన్ అంతా ఎక్సెల్‌లో ఉంది. రాయ్‌పూర్, ఢిల్లీ, చండీగఢ్ మీదుగా మనాలీ వరకే రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు. దానికి ఒక్క షీటు. మనాలీ నుంచి లేహ్ సుమారు 430 కిలోమీటర్లు, దానికి మాత్రం షీటు మీద షీటు. అటల్ టన్నెల్ పొడవు 9 కిలోమీటర్లు, గాటా లూప్స్‌లో 21 మలుపులు, తాండిలో బంకు దాటాక మళ్ళీ 365 కిలోమీటర్లకి గానీ బంకు రాదని చెప్పే బోర్డు ఫోటో, ఆ ఫోటో పక్కనే ఎర్ర రంగులో "జెర్రీకేన్". మన ప్రీపెయిడ్ సిమ్ములు లడఖ్‌లో పనిచేయవని ఇంటిల్లిపాదీ ఫోన్లని ముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించాడు, బిల్లు చూసినప్పుడల్లా అక్క సణుగుతూనే ఉంది. ఇంతా చేసి వెళ్ళేది ఏ కారులో అంటే, వీధిలో స్పీడ్ బ్రేకర్ వస్తే వెనక కూర్చున్నవాళ్ళు దిగి నడవాల్సిన పాత సెడాన్‌లో! అద్దె కారు తీసుకుందామంటే, బయటి అద్దె కార్లని అక్కడ తిరగనివ్వరని దానికీ ఒక షీటు చూపించాడు.

రోజూ రాత్రి భోజనాల దగ్గర క్లాసు. ఒక రాత్రి చిప్స్ పొట్లం తెచ్చి కంచాల మధ్య పెట్టి, "పైకి వెళ్ళేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గిపోతుంది, లోపలున్న గాలి అంతే ఉంటుంది, కాబట్టి ఇది బుడగలా ఉబ్బుతుంది, కనుమల దగ్గరైతే మన ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా దాదాపు సగమే, అందుకే లేహ్ చేరాక రెండు రోజులు కదలకుండా పడుకోవాలి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఈ పొట్లం పాఠం దయచేసి గుర్తుపెట్టుకోండి, బావ పెట్టుకోలేదు.

అప్పటిదాకా చారు పోసుకుంటున్న అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మగారు, "మరి అన్నం ఉడుకుతుందా అక్కడ?" అని అడిగారు. ఉడకదు. 5,000 మీటర్ల దగ్గర నీళ్ళు 83 డిగ్రీలకే మరిగిపోతాయి, పప్పు పెడితే సాయంత్రానికి కూడా పలుకు పలుకే. "కుక్కర్ పట్టుకెళ్ళండి. లేదా దోసెలు వేసుకోండి, పెనానికి నీళ్ళతో పనేముంది? కాకపోతే ఆ చలికి పిండి పులవదు, ఇక్కడే పులియబెట్టి పట్టుకెళ్ళాలి" అన్నారు అత్తయ్యే. నిజం చెప్పాలంటే బావ షీట్లన్నిటికంటే ఇందులోనే తెలివి ఎక్కువ ఉంది.

కాకపోతే ఆవిడ తెలివికి బావ షాపు తోడైంది. మూతకి రబ్బరు రింగు, నాలుగు పక్కలా క్లిప్పులు ఉన్న పెద్ద డబ్బా తెచ్చి, "చుక్క కారితే డబ్బులు వాపస్" అని కస్టమర్లకి చెప్పేదే తల్లికీ చెప్పాడు.

అసలు ప్రయాణానికి ముందు ట్రయల్ ఉండాలట. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు దేవమాలి, 1,672 మీటర్లు. తంగ్‌లాంగ్ లాలో మూడో వంతు కూడా లేదు, కానీ మనకి దగ్గర్లో దొరికేది అదే. మే నెల ఎండలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. ముందు బావ, నేను, వెనక అక్క, మేనకోడలు, డిక్కీలో టెంటు, స్లీపింగ్ బ్యాగులు, ఆక్సిజన్ క్యాను, ఖాళీ జెర్రీకేన్, అంచుదాకా పిండి పోసిన డబ్బా. లక్ష్మీపూర్ దాటి, కోరాపుట్‌లో టీలు తాగి, సెమిలిగుడ వైపు తిరిగేసరికి డిక్కీ మీద చెయ్యి పెడితే కాలుతోంది. లోపల పిండి ఏ స్థితిలో ఉందో ఎవరూ ఆలోచించలేదు.

దేవమాలి ఘాటీ సగం ఎక్కామో లేదో, వెనక నుంచి ఢామ్మని శబ్దం.

"టైరు!" అన్నాడు బావ, భయంతో కాదు, ఆనందంతో. టైరు పేలితే ఏం చెయ్యాలో ఒక షీటు ఉంది మరి. కారు ఆపి, నా చేత చక్రాల కింద రాళ్ళు పెట్టించి, ఎర్ర త్రికోణం పట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్ళాడు. నాలుగు టైర్లూ రాయిలా ఉన్నాయి. ఇంతలో అక్క, "ఏమండీ, తెల్లగా ఏదో కారుతోంది!" అంది. బావ వంగి చూసి కూలెంట్ అన్నాడు. కూలెంట్ పచ్చగా ఉంటుంది కదా అన్నాను. పైకొస్తే రంగు మారుతుందేమో అన్నాడు. అసలు ఇంజిన్ ముందుంటే కూలెంట్ వెనక నుంచి ఎందుకు కారుతుందని మా మేనకోడలు అడిగింది, దానికి షీటు లేదు.

బైకు మీద దిగుతున్న ఒకాయన ఆగి, "కణ హెలా?" అని ఒడియాలో ఏమైందని అడిగాడు. బావ సమాధానం చెప్పేలోపే బంపర్ మీద వేలు రాసి వాసన చూసి, మా అందరి మొహాలూ ఒకసారి చూసి, "దోసా?" అన్నాడు.

డిక్కీ తెరిస్తే మూత లేదు. మూత టెంటు సంచిలో గుచ్చుకుని ఉంది. డబ్బాలో అడుగున బెత్తెడు పిండి మిగిలి ఇంకా బుడబుడలాడుతోంది, మిగతాదంతా పై రేకుకి తగిలి ముద్దలు ముద్దలుగా జారుతోంది. స్లీపింగ్ బ్యాగు జిప్పు పళ్ళలో పిండి దూరి ఎండిపోయింది, ఈ రోజుకీ అది సగం వరకే తెరుచుకుంటుంది. ప్రింటు తీసిన షీట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఊరికి దూరంగా మేస్తున్న ఆవు ఎప్పుడొచ్చిందో తెలియదు, OD 18 నంబరు ప్లేటు శుభ్రంగా నాకేసింది.

శిఖరం చూడకుండానే వెనక్కి తిరిగాం. దారిలో అక్క చిప్స్ పొట్లం తీసింది. బాగా ఉబ్బి ఉంది. బావ దానివైపు చూడలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య అంతా విని, ముందు అడిగింది డబ్బులు వాపస్ సంగతి. తర్వాత, "పులిసే పిండికి ఎవరైనా మూత బిగిస్తారురా? గిన్నెలో పోసి, తడిగుడ్డ కట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎక్కడికీ పోదు" అన్నారు.

"లేహ్ దాకా ఎవరి ఒళ్ళో అమ్మా?"

"నా ఒళ్ళోనే. ఆ ముందు సీటు నాకు ఉంచి, మంచి ఉన్ని స్వెట్టరు ఒకటి కొను."

ముందు సీటు నాది.