సవరణ: మొటిమలు, నూనె వంటల గురించి

మొన్నటి పోస్టులో ‘మొటిమలు తగ్గాలంటే మిర్చి బజ్జీలు, నూనె వంటలు మానేయాలి’ అని ఉంది. ఆ వాక్యం తీసేశాను. తిన్న నూనె నేరుగా ముఖం మీద జిడ్డుగా తేలదు. అసలు చూసుకోవాల్సింది చక్కెర, మైదా. ఇవి రక్తంలో చక్కెరను గబగబా పెంచుతాయి. దాంతో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే హార్మోన్లు పెరిగి చర్మంలోని నూనె గ్రంథులు ఎక్కువ పనిచేస్తాయి. అంటే సాయంత్రం ఇరానీ చాయ్‌లో ముంచుకుని తినే ఉస్మానియా బిస్కెట్లు, ఆపైన ఇంకో చాయ్, ముందు తగ్గించాల్సింది వీటినే. పాలకూ, జిమ్‌కెళ్లే కుర్రాళ్లు తాగే, పాల నుంచి తీసిన వే ప్రొటీన్‌కూ మొటిమలతో సంబంధం కొందరిలో కనిపిస్తుంది. అందరిలో కాదు, కాబట్టి కంగారుపడి పిల్లలకు పాలు ఆపేయకండి. నొప్పితో గడ్డల్లా వచ్చే మొటిమలకు పథ్యం ఒక్కటే చాలదు. మచ్చలు పడకముందే చర్మ డాక్టరుకు చూపించండి.