200 మీటర్ల లోతు, 400 కిలోమీటర్ల వేగం

మనలో చాలామంది సముద్రంలో దిగరు, కారు రేసులకూ వెళ్లరు. చేతికి మాత్రం ఆ రెండింటి కోసం తయారైన వాచీలే కావాలంటారు. అందుకని సముద్రంలో దిగేవాళ్ల కోసం చేసిన సీకో ఎస్‌కేఎక్స్ 007 గొప్పదా, కారు రేసుల వాళ్ల కోసం చేసిన రోలెక్స్ డేటోనా గొప్పదా అన్న వివాదాన్ని ఆవేశాలకు వదిలేయకుండా, న్యాయమైన కొలమానం ఒక్కటే పెట్టుకుందాం: ఏది ఎంత దర్జాగా అక్కరకు రాకుండా ఉంటుంది?

సీకో 1996లో వచ్చింది. 200 మీటర్ల లోతును తట్టుకుంటుంది. గాలి సిలిండర్ తగిలించుకుని సరదాగా స్కూబా డైవింగ్ చేసేవాళ్లకు 40 మీటర్లే హద్దు కాబట్టి, మిగతా 160 మీటర్లు చేతులు కడుక్కునేటప్పుడు ధైర్యం కోసమని అనుకోవాలి. డయల్ చుట్టూ ఉన్న రింగు, అంటే బెజెల్, ఒక్కవైపే తిరుగుతుంది. దిగేముందు దాని గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టుకుంటే ఎంతసేపైందో తెలుస్తుంది. నీటి అడుగున దేనికైనా తగిలి జరిగిందంటే, గడిచిన సమయాన్ని ఎక్కువ చేసి చూపిస్తుందే గానీ తక్కువ చేసి చూపించదు. గాలి అయిపోవచ్చిందనుకుని మనిషి కాస్త ముందే పైకి వచ్చేస్తాడు. అబద్ధం చెప్పినా ప్రాణం నిలిచే అబద్ధమే చెబుతుందన్నమాట. ఇంత బాధ్యత చవక వస్తువుకు ఎందుకన్నది పెద్దల అభ్యంతరం. పైగా ఇది వారం చూపిస్తుంది, తేదీ చూపిస్తుంది, మీటింగ్ ఎంతసేపు సాగిందో ఆ బెజెల్‌తోనే లెక్క తేలుస్తుంది. ఇన్ని చాకిరీలు చేసేదానికి హోదా ఎలా వస్తుంది? తయారీ ఆగిపోయి, దొరకడం కష్టమయ్యాకే దానికీ కాస్త మర్యాద దక్కింది.

ఇక డేటోనా. 1963లో పుట్టింది, ఫ్లోరిడాలోని రేసుల ఊరి పేరు పెట్టుకుంది. తేదీ ఉండదు, వారం ఉండదు. ఇవాళ ఏ వారమో గుర్తుచేయడానికి మనుషులున్న వాళ్ల కోసం చేసిన వాచీ కదా! దాని బెజెల్ మీద 400 దాకా అంకెలుంటాయి. కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కి, తర్వాతి రాయి దగ్గర మళ్లీ నొక్కితే సెకన్ల ముల్లు మీ సగటు వేగం చెబుతుంది. ఎదురుగా స్పీడోమీటర్ ఉంది కదా అనే వాళ్లకు ఈ వాచీ అమ్మరు, అమ్మకూడదు కూడా. అసలు గొప్పతనం ఆ బటన్లలో ఉంది. నీళ్లు చొరబడకుండా వాటిని మర తిప్పి బిగిస్తారు. పరుగు పందెం సమయం కొలవాలంటే ముందు మర విప్పాలి, తర్వాత నొక్కాలి. ఈలోపు పందెంగాడు సగం దూరంలో ఉంటాడు. సెకనులో ఎనిమిదో వంతును కొలవగల యంత్రానికి ఈ మాత్రం నిదానం శోభే.

డేటోనాకు రోజుకు 2 సెకన్లకు మించి తేడా రాదని కంపెనీ హామీ. బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీకి నెలంతా కలిపినా సుమారు 15 సెకన్ల తేడాయే వస్తుంది. నిజం చెప్పాలంటే సీకో ఆటోమేటిక్ ఈ రెండింటికన్నా ఎక్కువే తప్పుతుంది. కాకపోతే దాన్ని ఎవరూ నిలదీయరు. డేటోనా మాత్రం ఆలస్యాన్ని కూడా వారసత్వంగా ఇచ్చి వెళ్తుంది. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లు పలికింది. కొన్నవారికి దక్కింది ఇంకొకరి చేతి మీద గడిచిపోయిన టైము.

అంత విలువైనదాన్ని కట్టుకుని తిరగడం టెన్షన్ కాబట్టి లాకర్లో పెడతారు. చేయి కదలికతోనే కీ తిరిగే వాచీ కాబట్టి, పెట్టిన సుమారు 72 గంటలకు అది ఆగిపోతుంది. దానికీ పరిష్కారముంది: వాచీని రాత్రింబగళ్లు తిప్పుతూ ఉండే కరెంటు పెట్టె. ఎవరూ చూడని చోట డేటోనా సరైన సమయం చూపిస్తూ తిరుగుతుంటుంది. యజమాని టైమెంతయిందో ఫోన్లో చూసుకుంటాడు.