మా ఇంటి భాషను ఏ గడిలో రాయాలి?

రెండేళ్ల కిందట అమెరికా జనగణన విభాగం వారి సర్వే పత్రం మా ఇంటికి వచ్చింది. ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు పంపే ఆ పత్రంలో, అయిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి గురించీ, ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడతారా అని అడుగుతారు. అవునంటే ఆ భాష పేరు రాయడానికి ఒకే ఒక గడి ఉంటుంది. మా నలుగురి గడుల్లోనూ నేను క్షణమైనా ఆలోచించకుండా ‘తెలుగు’ అని రాసి పంపించాను. ఆ సాయంత్రమే మా అమ్మ ఫోన్ చేస్తే గంటసేపు మాట్లాడాను. అందులో పట్టుమని పది తెలుగు మాటలు లేవు. నేను దేవరకొండ దగ్గరి ఒక తండాలో పుట్టిన లంబాడీని. మా అమ్మను నేను ‘యాడి’ అని పిలుస్తాను. మేము మాట్లాడేది గోర్ బోలి, అంటే లంబాడీల భాష. తెలుగు నాకు బడిలో వచ్చిన భాష. ఇప్పుడీ వ్యాసం రాస్తున్న భాష, ఉద్యోగం దాకా నడిపించిన భాష కూడా అదే. దాని మీద నాకు ప్రేమ తక్కువేమీ కాదు. అయినా ఆ గడిలో నేను రాసింది సగం అబద్ధం.

మన దేశంలో అడిగే ప్రశ్న వేరు. భారత జనగణన ఇంట్లో ఏం మాట్లాడతారని అడగదు; చిన్నతనంలో తల్లి మనతో మాట్లాడిన భాష ఏదని అడుగుతుంది, దానితోపాటు తెలిసిన మరో రెండు భాషలు నమోదు చేసుకుంటుంది. 2011లో లమాని లేదా లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవారు 32 లక్షలకు పైగా ఉన్నారు. చిక్కల్లా ఆ తరువాతే వస్తుంది. ఆ లక్షల మందినీ భాషల పట్టికలో హిందీ కింద చేర్చి లెక్కగట్టారు. మా భాష రాజస్థాన్ వైపు మాటలకు చుట్టమన్నది నిజమే కానీ, మా యాడికి హిందీ రాదు.

ఇదంతా ఎక్కడో మారుమూల సంగతి అనుకునే పాఠకులు దక్షిణ తెలంగాణను ఒకసారి మనసులో తిరిగి చూడాలి. నల్లగొండ పట్టణంలో ముస్లింల ఇళ్లలో వినిపించే దక్కనీకీ, వారి పిల్లలు బడిలో చదివే ఉర్దూకూ మధ్య ఉన్న దూరం తక్కువేమీ కాదు. నారాయణపేట అంగళ్లలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే బేరంలో దొర్లుతాయి; కృష్ణ మండలం వైపు వెళితే కన్నడమే ఇంటి భాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. ఎరుకల వారి కుర్రు భాష తెలుగు కన్నా తమిళానికి దగ్గరిది. అమ్రాబాద్ అడవుల్లోని చెంచులు నేడు మాట్లాడేది తెలుగే. వీరందరూ అమెరికా వచ్చాక ఒక్కసారిగా ‘తెలుగువారు’ అవుతారు. పండుగకు అందరం ఒకే హాలులో కూర్చుంటాం, అది నాకు సంతోషమే. కానీ ఇంటికి వెళ్లి తలుపు వేసుకున్నాక ఎవరు ఏ భాషలో అన్నం పెడుతున్నారో మనం ఎన్నడూ అడుగలేదు.

నిరుడు వేసవిలో మా యాడి ఇక్కడికి వచ్చి అయిదు నెలలు ఉన్నది. ఆమె తెలుగు అంగట్లో నేర్చినది: ఆముదాలు అమ్ముకోవడానికి దేవరకొండ పోయినప్పుడల్లా షావుకార్లతో బేరమాడి, తూకంలో మోసం జరగకుండా చూసుకునేందుకు కూడబెట్టుకున్న భాష. మా పాప తెలుగు ఆదివారం తరగతిలో, వాచకంలో నేర్చినది. పాప “మీరు నీళ్లు త్రాగుతారా?” అని అడిగితే, యాడి నవ్వి “తాగుత బిడ్డా, తే” అనేది. ఇద్దరికీ అది అరువు తెచ్చుకున్న భాషే. అయిదు నెలలూ నాయనమ్మా మనుమరాలూ ఆ అరువు భాషలోనే కథలు చెప్పుకొన్నారు, అలిగారు, మళ్లీ కలిశారు. చూసినవారంతా ముచ్చటపడ్డారు, మన తెలుగు బడి ఎంత మేలు చేస్తున్నదో అని ఒక మిత్రుడు మెచ్చుకున్నారు. ఆయన మాటలో తప్పు లేదు. కానీ యాడి దుఃఖం వచ్చినా, కోపం వచ్చినా గోర్ బోలిలోనే గొణుక్కునేది. ఆ గొణుగుడు పాపకు అర్థం కాలేదు, పాపకు అర్థం కాలేదన్నది యాడికి అర్థమయింది. ఆ తప్పు తెలుగు బడిది కాదు, నాది. పాప పుట్టిన నాటి నుంచి నేను ఇంట్లో తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడుతూ వచ్చాను. నీళ్లను ‘పాణి’ అనీ, రొట్టెను ‘బాటి’ అనీ నేనూ నా భార్యా మా ఇద్దరి మధ్యనే వాడుకున్నాం, అదేదో పిల్లల ముందు దాచుకోవలసిన వ్యవహారమైనట్టు.

ఎందుకు దాచుకున్నాం? తండా బడిలో మొదటి ఏడాదంతా సారు ఏమంటున్నారో తెలియక బిక్కమొహం వేసుకొని కూర్చున్న జ్ఞాపకం ఒక కారణం. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్న తరగతులకు వాచకాలు తయారైనప్పుడు వాటిలో మా భాష కూడా ఉన్నది. అప్పటికి నేను బడి దాటిపోయాను.

నేను చెప్పదలచినది ఇంతే: చిన్న భాష ఇంట్లో ఉన్న కుటుంబాలు ఆ ఇంటిని ఆ భాషకే వదలాలి. తెలుగుకు ఇక్కడ బడి ఉన్నది, పత్రిక ఉన్నది, సినిమా ఉన్నది, వేదిక ఉన్నది. గోర్ బోలికి వంటిల్లు తప్ప వేరే బడి లేదు. మూడు భాషలు పిల్లలకు బరువు కాదా అని అడిగేవారికి నారాయణపేట బట్టల కొట్టును చూపిస్తాను. అక్కడ పదేళ్ల పిల్లవాడు నాలుగు భాషల్లో ధర చెబుతాడు, దానిని ఎవరూ బరువు అనరు. ఇలా చేస్తే అమెరికాలో తెలుగు లెక్క తగ్గిపోదా అన్నది మరో సందేహం. 2010, 2017 సంవత్సరాల మధ్య ఈ దేశంలో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారన్న వార్తను మనమందరం గర్వంగా పంచుకున్నాం. అది ఈ సర్వే గడుల నుంచి పుట్టిన అంకే. మావంటి ఇళ్లు కొన్ని తప్పుకుంటే అది ఏ కాస్తో తగ్గుతుంది. తగ్గనివ్వండి.

లెక్కలో లేకపోవడం ఎట్లా ఉంటుందో తెలంగాణవారికి వేరే చెప్పనవసరం లేదు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను వెతికి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించారు. ఆయన ఆవేశపడి వాదించలేదు, లెక్క చూపించారు. ఆ చరిత్రను సభల్లో తలచుకునే మనం, అమెరికాలోని మన సంఘాల సభ్యత్వ పత్రంలో ‘మాతృభాష: తెలుగు’ అని ముందే అచ్చువేసి ఉంచడం సబబేనా? నేను ఇంతకు ముందున్న నగరంలో ఒక సంఘం పత్రం అట్లాగే ఉండేది. కొట్టివేసి రాయడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇప్పుడున్న ఊళ్లోని మన సంఘం ఆ చోటును ఖాళీగా వదిలి, ‘ఇంట్లో మాట్లాడే భాషలు’ అని బహువచనంలో మరో వరుస చేరిస్తే ఖర్చేమీ కాదు. ఉగాది సభలో ఒక్క అయిదు నిమిషాలు దక్కనీలోనో, కన్నడంలోనో, గోర్ బోలిలోనో ఒక నాయనమ్మ కథ చెబితే తెలుగుకు వచ్చే లోటూ లేదు.

మా ఇంటి వరకు వస్తే, ఆ సర్వే పత్రం మళ్లీ వచ్చేనాటికి ఏమి రాయాలన్నది భార్యాభర్తలం మాట్లాడుకుంటున్నాం. తాను పుట్టిన పాలమూరు తండాలో అందరూ లంబాడీ భాష అనే చెప్పుకుంటారని ఆమె అంటుంది. గోర్ బోలి అనాలని నా పట్టు. పుణె వైపు వలసపోయి స్థిరపడిన మా బంధువులు బంజారా అంటారు, కర్ణాటకలో లమాణి అంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు రాస్తే లెక్క నాలుగు ముక్కలవుతుంది. మొన్న యాడిని ఫోన్‌లో అడిగితే, ఇంట్లో మాట్లాడుకునేదానికి పేరెందుకని ఆమె నన్నే ఎదురడిగింది.