మేకుకి వేలాడే సేఫ్టీ కళ్ళజోడు గారికి

అయ్యా కళ్ళజోడు గారూ, నమస్కారాలండి. ఆయ్, నేనేనండి, 216 హైవే పక్కన మన గ్రానైట్ షాపులో గ్రైండర్ పట్టుకునేవోణ్ణి. ఎడమ కంటికి దూది పెట్టి ప్లాస్టర్ వేసేశారు కాబట్టి కుడి కన్నుతో ఫోన్‌లో కొడుతున్నాను, అచ్చు తప్పులుంటే ఏమనుకోకండి. మీకేం, ఆఫీసు గది గోడ మీద నుంచి పొద్దస్తమానం అందర్నీ చూస్తూనే ఉంటారు.

మధ్యాహ్నం జరిగింది మీరూ చూశారు. ఎవరిదో వంటింటి గట్టుకి సింకు కన్నం కోస్తుంటే చీమకుర్తి నల్లరాయి పెచ్చు లేచి కంట్లో పడింది. మన డెల్టాలో ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టే గానీ రాయి దొరకదు కదండీ, లారీ ఎక్కి ప్రకాశం జిల్లా నుంచి రావాలి, అంత దూరం వచ్చింది సరిగ్గా నా నల్లగుడ్డు చూసుకుని దిగింది. ఆస్పత్రిలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, కంట్లో రంగు చుక్క వేసి, నీలం లైటులో చూసి సూది మొనతో తీశారు. నల్లగుడ్డు పైపొర మందం అర మిల్లీమీటరు అటూఇటూనంట, ఇంకాస్త గట్టిగా తగిలుంటే లోపలికే దిగేదంట.

అదంతా పర్లేదండి. సూది కన్నా ఎక్కువ గుచ్చుకున్నది వేరే ఉంది. డాక్టరమ్మ నోట్లోంచి వచ్చిన మొదటి మాట "కళ్ళజోడు పెట్టుకోలేదా?" ఇంటికి తెచ్చిన ఆటో అబ్బాయి అదే అడిగాడు, మా అత్త అదే అడిగింది, ఓనరు గారైతే అరపూట కూలి కోసేసి మరీ ఫోన్ చేసి, "ఇచ్చాం కదరా, గోడకి ఉందిగా" అన్నారు.

ఉన్నారండి, ఎవరు కాదన్నారు. పన్లో ఉన్నోళ్ళందరికీ మీరొక్కరే ఉన్నారు. మిమ్మల్ని పెట్టుకుంటే ఏమవుద్దో ఎవరూ అడగరేం? గ్రానైట్ దుమ్ములో పలుగురాయి ఉంటదండి, అది గాజునే గీసేస్తది, మీదేమో ప్లాస్టిక్కు, చొక్కా కొసతో తుడిచినప్పుడల్లా నాలుగు గీతలు, ఇప్పుడు మీలోంచి చూస్తే మార్కింగ్ గీతేదో మీ గీతేదో తెలీదు. ఆ పైన మన ఉక్కపోత, ఏప్రిల్లో మన వైపు గాలి పిండితే నీళ్ళొస్తాయి, పెట్టుకున్న కాసేపటికే లోపలంతా ఆవిరి. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే బ్లేడు చేతిలో పెట్టుకుని కళ్ళకి ఆవిరి కట్టించుకోమంటారా? కన్ను పోకూడదని వేలు పోగొట్టుకోవాలా? పైగా మీకు పక్కలు ఓపెన్. దుమ్ము ఎదురుగానే రావాలని రూలేమీ లేదండి.

చుట్టూ మూసుకుని, పక్కన గాలి ఆడే కన్నాలుండి, ఆవిరి పట్టని రకం కళ్ళజోళ్ళు ఉన్నాయని ఓనరు గారికీ తెలుసు. బ్లేడు మీద నీళ్ళు పడితే సగం దుమ్ము లేవదనీ తెలుసు, పెద్ద మిషనుకి పైపు ఉంది కూడా, చేతి గ్రైండర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం షాకు కొడుద్ది, ఫ్లోరు బురదవుద్ది, డ్రైగానే కానిచ్చెయ్ అంటారు.

2025 నవంబరు దాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షను మొత్తం మా కళ్ళ కోసమే రాశారంటండి, పెచ్చులు ఎగిరే చోట అడ్డుతెరో కళ్ళజోడో ఇవ్వాలని. కానీ ఆ చట్టంలో కరెంటు మిషన్లున్న చోట పది మంది ఉంటేనే ఫ్యాక్టరీ అనేవారు. మా రిజిస్టర్లో ఎప్పుడు లెక్కెట్టినా తొమ్మిది మందే ఉండేవోళ్ళు. పదోవాడి కన్ను రాయికి కనపడేది గానీ చట్టానికి కనపడేది కాదు.

ఇక నా శ్రేయోభిలాషులు. ఒకాయన అగ్గిపుల్లతో తీస్తానని మీదకొచ్చాడు, పక్కింటి మామ్మ బాలింత పాలు పిండించమంది. మెడికల్ షాపాయన ఎరుపు తగ్గుద్దని చుక్కలిచ్చాడు, డాక్టరమ్మ ఆ సీసా చూసి లాక్కుంది. స్టెరాయిడంట. కుప్పనూర్పుల్లో వడ్ల పొట్టు పడ్డ కళ్ళకి ఫంగస్ పుండు అయితే, దాని మీద ఇదేస్తే రెండ్రోజులు హాయిగా ఉండి తర్వాత చూపే పోవచ్చంట. రాయి గాయమైనా అడక్కుండా వెయ్యొద్దంది.

మళ్ళీ మీ దగ్గరికే వస్తున్నాను, వదల్లేకపోతున్నాను. ఆఫీసరు గారొస్తున్నారని కబురొచ్చిన రోజు మిమ్మల్ని దించి, తుడిచి, నా మొహానికి పెట్టి, గ్రైండర్ ఆపేసి ఫోటో తీశారు గుర్తుందా? ఆ ఫోటో ఇప్పుడు ఫైల్లో ఉంది. రేపు నా కన్ను పోయినా "ఇదిగో ఇచ్చాం" అని చూపించడానికి. ఒరేయ్, నువ్వు నా కంటికి కాపలా అనుకున్నాను గదరా, ఓనరు తరఫు సాక్షివిరా నువ్వు! నీ జీతం ఆ మేకు. పాలిష్ పనిలో ముసలోడైపోయిన మా పెద్దాయనకి రెండు కళ్ళల్లోనూ నల్లగుడ్డు మీదకి కండ పాకేసింది, ఎండా దుమ్మూ కలిసి చేసిన పనే అన్నారు, ఆయన సర్వీసంతా నువ్వు గోడ మీదే ఉన్నావు. సిగ్గులేదా?

సరే. నీ మీద అరిచి ఏం లాభం, నిన్ను కొన్నోడు చవగ్గా దొరికిందని కొన్నాడు. ప్లాస్టర్ తీసేశాక పన్లోకొచ్చి నిన్ను మేకు మీంచి దించి ఓనరు గారి టేబుల్ మీద పెడతాను. ఫ్యాన్ ఆపేసి, నిన్ను పెట్టుకుని, ఒకే ఒక్క ఎస్టిమేట్ రాసి, అడుగులు లెక్కేసి, టోటల్ తప్పు లేకుండా కొట్టమంటాను. కొట్టగలిగితే కోసిన అరపూట కూలి నేను అడగను.

ఇట్లు,
ఒంటికన్ను పాలిష్ పనోడు