ఓడ ప్రయాణపు విదేశీ నగదు గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ విదేశీ నగదు గారి సముఖానికి,

నమస్కరించి చేసుకుంటున్న విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు ఇంకా మా చేతికి రాలేదు గనుక తమ క్షేమం అడిగే అర్హత మాకు లేదు. అయితే మేము వెళ్ళబోతున్న విహార ఓడ (క్రూయిజ్) ప్రయాణానికి తమరిని ఎంత మొత్తంలో ఆహ్వానించాలన్న విషయమై మా ఇంట్లో నడుస్తున్న చర్చ ఒక కొలిక్కి వచ్చే సూచనలు కనబడకపోవడంతో, నేరుగా తమకే రాసుకోవడం మేలనిపించింది. ఏ సముద్రానికి వెళ్ళాలో ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. కిటికీ ఉన్న గదా, బాల్కనీ ఉన్న గదా అన్నది అంతకంటే త్వరగా తేలింది. టికెట్లకు పెద్ద మొత్తం చెల్లించిన రోజున ఎవరూ నోరెత్తలేదు. తమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతివారికీ ఒక సిద్ధాంతం పుట్టుకొచ్చింది.

మా బావగారి అభిప్రాయంలో పరాయి దేశంలో మనిషికి గౌరవం దక్కించేది తమరొక్కరే. కనుక తమరిని కట్టలుగా తేవాలి, నడుముకు చుట్టుకునే సంచీలో దాచాలి, ఆ సంచీని నిద్రలో కూడా విప్పకూడదు. ఐరోపా సమాఖ్యలోకి 10,000 యూరోలు గానీ అంతకు మించి గానీ, అమెరికాలోకి 10,000 డాలర్లకు మించి గానీ తీసుకువెళ్ళేవారు కస్టమ్స్ వారికి రాసి ఇవ్వాలన్న నిబంధన చదివి ఆయన కొంత నొచ్చుకున్నారు. తనను దృష్టిలో పెట్టుకునే ఆ నిబంధన చేశారని ఆయన అనుమానం. మేనల్లుడిది పూర్తిగా ఎదురుదారి. ఫోనులో కార్డు ఉండగా కాగితాలు మోయడం అనాగరికమని వాడు తేల్చేశాడు. ఆటో దిగిన ప్రతిసారీ వాడు చిల్లర కోసం మా ముఖాలే చూస్తాడన్నది వేరే సంగతి.

ఇంత వాదనా జరుగుతున్నది తమరికి పెద్దగా పని లేని చోటు గురించి అని వీరిద్దరికీ చెప్పేవారు లేరు. ఓడ ఎక్కిన క్షణంలో తమ పదవి ఊడిపోతుంది. గది తలుపు తీసే కార్డే అక్కడ డబ్బు. కాఫీకీ, మద్యానికీ, ఫోటోకీ, మర్దనకీ ఆ కార్డునే చూపించాలి. లెక్కంతా గది ఖాతాలో చేరి, చివరి రోజున మన క్రెడిట్ కార్డు మీద పడుతుంది. బార్ దగ్గర తమరిని బయటికి తీస్తే అక్కడి కుర్రవాడు చిరునవ్వుతో తమరిని పక్కకు జరిపి కార్డు అడుగుతాడు. క్రెడిట్ కార్డు లేనివారి నుంచి సేవా కౌంటరులో తమరిని ముందుగా జమ చేయించుకుంటారు. అంటే తమకు అక్కడ దక్కేది బందీ హోదా మాత్రమే. ఓడ మొత్తంలో తమరిని రెండు చేతులా ఆహ్వానించే చోటు క్యాసినో ఒక్కటే. గది ఖాతా మీద జూదమాడితే కొన్ని ఓడల్లో అదనపు రుసుము వేస్తారు కూడా. నగదు పట్ల ఇంతటి గౌరవం మిగిలి ఉన్నది నగదును శాశ్వతంగా వదిలించే గదిలోనే కావడం తమ దురదృష్టం.

ఇక ఆ గది ఖాతా సంగతి. పెద్ద అమెరికన్ కంపెనీల ఓడల్లో సిబ్బందికిచ్చే టిప్పు మన ప్రమేయం లేకుండానే మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో పడుతుంది. నలుగురికి ఏడు రాత్రులంటే, తక్కువలో తక్కువ, 450 డాలర్లకు దగ్గర. తాగే ప్రతి గ్లాసు మీద 18 శాతమో, అంతకంటే ఎక్కువో సేవా రుసుము వేరే. ఇంటర్నెట్టు వేరే. రేవులో దింపి బస్సులో ఊరు తిప్పే విహారాలు వేరే. ఈ మొత్తాల మీద మా ఇంట్లో ఒక్క నిమిషం చర్చ జరగలేదు. తమరు వంద ఉండాలా, రెండు వందలు ఉండాలా అన్నదాని మీద మాత్రం భోజనాలు చల్లారిపోతున్నాయి. చేతిలోంచి జారేటప్పుడు కంటికి కనబడటమే తమరు చేసిన నేరం. కనబడకుండా పోయే డబ్బుకు మా ఇంట్లో ఎవరూ సంజాయిషీ అడగరు.

తమకు నిజంగా పని పడేది ఓడ దిగాక. అక్కడ తమరు ఏ వేషంలో రావాలన్నది ఇంకొక తలనొప్పి. మధ్యధరా వైపు వెళితే స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా, గ్రీసులకు యూరో వేషం సరిపోతుంది. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియాకూ అదే చాలు. మాంటెనెగ్రో ఐరోపా సమాఖ్యలో సభ్యురాలు కాకపోయినా వాడుకునేది యూరోనే. తుర్కియే రేవుల్లో అసలు వేషం లీరా, అయినా కుషాదసీ బజారులో తివాచీలు అమ్మేవారు తమరి యూరో ముఖం చూసి కూడా సంతోషిస్తారు. లెక్క ఏ ధరకు కట్టారన్నది మాత్రం వారి సంతోషాన్ని బట్టి ఊహించుకోవాలి. కరీబియన్ దీవుల్లో డాలరు వేషం దాదాపు అంతటా చెల్లుతుంది. బహామాస్‌లో అక్కడి డాలరూ అమెరికా డాలరూ సమానం గనుక గొడవ లేదు. సెయింట్ లూసియా, గ్రెనడా వంటి దీవుల్లో తూర్పు కరీబియన్ డాలరు నడుస్తుంది. ఒక అమెరికా డాలరుకు 2.70 అని 1976 నుంచి కట్టేసిన లెక్క. ఇరవై డాలర్ల నోటిచ్చి కొబ్బరి బోండాం తాగినవారికి చిల్లరగా తిరిగివచ్చే రాణిగారి బొమ్మల నోట్లు, ఓడ కదిలిన మరుక్షణం నుంచి జ్ఞాపికలే. నార్వే సంగతి ఇక చెప్పనక్కర్లేదు. క్రోనుల కోసం ఊరంతా తిరిగి సంపాదించి బెర్గెన్‌లో దిగినవారికి, చేపలమ్మే దుకాణంలో కూడా కార్డు యంత్రమే ఎదురవుతుంది. క్రోనులు ఎంత శుభ్రంగా వెళ్ళాయో అంత శుభ్రంగా తిరిగివస్తాయి.

మా చర్చలో ఎవరికీ తట్టని విషయం ఒకటుంది: ఎంత తీసుకెళ్ళాలన్నదానికంటే ఎలాంటి నోట్లుగా తీసుకెళ్ళాలన్నదే అసలు ప్రశ్న. రేవు పక్కన మరుగుదొడ్డి ముందు ఒక పెద్దామె చిన్న బల్ల వేసుకుని కూర్చుంటుంది. బల్ల మీద పళ్ళెం, పళ్ళెంలో 50 సెంట్ల నాణేలు, వెనక గోడ మీద ధర రాసిన అట్ట. ఆమె ముందు కొత్త 100 యూరోల నోటును రెండు చేతులా పట్టుకుని, బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడిన ప్రయాణికుడి కంటే పేదవాడు ఆ పూట ఆ ఊళ్ళో ఉండడు. ఆమె నోటునూ చూస్తుంది, మనిషినీ చూస్తుంది, తరువాత వచ్చినవారికి దారి వదలమని చేయి ఊపుతుంది. బస్సులో అయినా, చర్చిలో దీపం వెలిగించే పెట్టె దగ్గరైనా ఇదే తంతు. నగదు మార్పిడి కౌంటరువారు మాత్రం పెద్ద నోట్లే ఇస్తారు, ఎందుకంటే లెక్కపెట్టడం వారికి సులువు.

ఆ కౌంటరు గురించి తమకు నేను చెప్పేదేముంది, తమరు పుట్టిపెరిగిందే అక్కడ. ‘కమిషన్ లేదు’ అన్న బోర్డు ఎంత పెద్దగా ఉంటే ధరలో కోత అంత లోతుగా ఉంటుందని నా అనుభవం. విమానాశ్రయాల్లోనూ, ఓడలోని కౌంటరులోనూ ఆ లోతు మరీ ఎక్కువ. ఓడలోని ఏటీఎం రుసుము తీసుకుని మరీ తమరిని అప్పగిస్తుంది. క్రెడిట్ కార్డుతో తీస్తే ఆ క్షణం నుంచే వడ్డీ మొదలవుతుంది. ఒడ్డున దుకాణంలో కార్డు గీస్తే యంత్రం ఎంతో మర్యాదగా, మీ దేశపు కరెన్సీలో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా అని అడుగుతుంది. సొంత కరెన్సీ కదా అన్న మమకారంతో మొదటిది ఒత్తినవారికి ఆ మమకారం ధరలో కలిపి వడ్డిస్తారు. ఇక్కడి కరెన్సీ అనే మీట ఎప్పుడూ రెండో వైపు, కాస్త చిన్న అక్షరాల్లో ఉండడం యాదృచ్ఛికమే కావచ్చు.

తిరిగి వచ్చాక తమరిని ఏం చేసుకోవాలో కూడా చూడండి. నోట్లయితే కొన్న ధరకంటే తక్కువకు తిరిగి కొంటారు. నాణేలను చాలా కౌంటర్లు ముట్టుకోనే ముట్టుకోవు. మళ్ళీ వెళ్ళినప్పుడు పనికొస్తాయని సొరుగులో పడేస్తే సొరుగులోనే కాలం చేస్తారు. బ్రిటన్ కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30 తరువాత దుకాణాల్లో చెల్లడం మానేశాయి. క్రొయేషియాలో యూరోకు ముందు నడిచిన కూనా నోట్లను ఆ దేశపు కేంద్ర బ్యాంకు ఇప్పటికీ మార్చి ఇస్తుంది గానీ, నాణేలకు 2025 చివరితో గడువు తీరిపోయింది.

ఈ కారణాల చేత, బావగారి సంచీనీ మేనల్లుడి ఫోనునూ పక్కనపెట్టి, నేను చేసిన నిర్ణయం తమకు తెలియజేస్తున్నాను. తమరు కొద్దిమందే రావాలి. దిగే ప్రతి రేవుకూ ఓడ దాకా తిరిగివచ్చే టాక్సీ కిరాయి, కొన్ని మంచినీళ్ళు, ఆ పెద్దామె పళ్ళెంలోకి నాణేలు, వెంట తిరిగి ఊరు చూపించినవారికి ఏదో కొంత ఇచ్చేంత ఉంటే చాలు. అదీ ఒకటి, అయిదు, పది, ఇరవై విలువల్లో. ఇది కాక ఒక పెద్ద మొత్తం ఒకరి లోపలి జేబులో విడిగా ఉంటుంది. కంపెనీ ఏర్పాటు చేసిన విహారంలో కాకుండా సొంతంగా ఊరు తిరగబోయి ఆలస్యమైనవారి కోసం ఓడ ఆగదు. అలా రేవు గట్టు మీద మిగిలిపోయినవారికి గది తలుపు తీసే కార్డు ప్లాస్టిక్ ముక్క మాత్రమే. ఆ పూట తరువాతి రేవుకు చేర్చగలిగేది క్రెడిట్ కార్డూ తమరూ కలిసే, అందులోనూ యంత్రం పనిచేయని టాక్సీ ఎదురైతే తమరొక్కరే. ఇంత గౌరవమైన ఉద్యోగం ఇస్తున్నాను గనుక క్యాసినో వైపు చూడవద్దని మనవి.

ఇట్లు,
తమ రాక కోసం ఎదురుచూస్తున్న,
ఒక ఓడ ప్రయాణికుడు

తా.క.: తమలో అంచు చిరిగినవారు, పెన్నుతో అంకెలు రాయించుకున్నవారు, పాత ముద్రణ వారు దయచేసి రాకండి. మాకు అంటగట్టేటప్పుడు ఇవేవీ పట్టించుకోని కౌంటరే, తిరిగి కొనేటప్పుడు మాత్రం తమరిని దీపం కింద పెట్టి, భూతద్దం తెచ్చి, పక్క కౌంటరువారిని కూడా పిలిచి చూపిస్తుంది.