తుపాకులు ఇచ్చారు, మందు తడిసిపోయింది

అప్పట్లో అమెరికాలో బ్రిటిష్ వలసగా ఉన్న పెన్సిల్వేనియా సరిహద్దు పల్లెల కోసం 1755లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిలీషియా (సామాన్య పౌరుల దళం) కూడగట్టిన తీరు గురించి మీ వ్యాసంలో రాశారు, సంతోషం. క్వేకర్లనే శాంతివాద క్రైస్తవులను బలవంతపెట్టకుండా, చేరినవాళ్లే తమ అధికారులను ఎన్నుకునేలా చట్టం తెచ్చారని మెచ్చుకున్నారు. నిజమే. ఆ చట్టాన్ని మరుసటి ఏడాదే లండన్‌లోని బ్రిటిష్ ప్రభుత్వం రద్దు చేసిందన్న మాట కూడా చేర్చాల్సింది.

నన్ను కదిలించేది మాత్రం 1756 జనవరి. సరిహద్దులో క్రైస్తవ మిషన్ ఉన్న గ్నాడెన్‌హుట్టెన్ పల్లెలో అప్పటికే లెనాపే అనే స్థానిక అమెరికన్ తెగవాళ్ల దాడిలో 11 మంది మిషన్ మనుషులు చనిపోయారు. అక్కడ కోట కట్టడానికి ఫ్రాంక్లిన్ బయల్దేరేముందు, ఊళ్లు వదిలి పారిపోయి వచ్చిన 11 మంది రైతులు తమ పశువులను తోలుకొస్తామని తుపాకులు అడిగారు. ఇచ్చారు. దారిలో దాడి జరిగింది, పదిమంది పోయారు. వానకు మందు తడిసి తుపాకులు పేలలేదని బతికిన ఒక్కడూ చెప్పాడట. పశువుల కోసం ప్రాణాలకు తెగించి వెళ్లడం ఏమిటో సేద్యం చేసే ఇంట్లో పుట్టిన నాకు తెలుసు. ఆ వానల్లోనే, వారంలో, 18 అడుగుల దుంగలతో అలెన్ కోట లేచింది.

లెనాపేల కోపానికి కారణం మీరు అసలు రాయలేదు. 1737లో ‘ఒకటిన్నర రోజు మనిషి నడిచినంత నేల’ అని చెప్పి, ముందే బాట చదును చేయించి, వేగంగా నడిచేవాళ్లను కూలికి పెట్టి, పెన్సిల్వేనియా యజమానులైన పెన్ కుటుంబం లెనాపేల భూమి లాక్కుంది. దయచేసి ఆ సంగతి కూడా వ్యాసంలో చేర్చండి.